పదకొండోసారి లేవని బరువు

1944లో షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రి గాయపడిన సైనికులతో నిండిపోయింది. ఒకరికి తొడ ఎముక విరిగింది, మరొకరికి మోకాలి లోపల లిగమెంట్లు తెగాయి. ఆపరేషన్లు బాగానే జరిగాయి, ఎముకలూ అతుక్కున్నాయి. తీరా సిమెంటు కట్టు విప్పాక చూస్తే తొడ కండ కరిగిపోయి ఉండేది. నాలుగు మెట్లు ఎక్కబోతే మోకాలు పట్టుతప్పేది. అలాంటివాళ్లు నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోయేవారు. అవతల కొత్త క్షతగాత్రులకు మంచాలు దొరికేవి కావు.

వ్యాయామం చేయించడం లేదని కాదు. తేలికైన బరువును వీలైనన్నిసార్లు ఎత్తించేవారు, సైకిలు తొక్కించేవారు. గాయపడ్డ కాలు మీద పెద్ద బరువు పెడితే చేటని ఆనాటి వైద్యుల గట్టి నమ్మకం. ఆ భయంలో న్యాయం ఉంది. కుట్లు వేసిన చోట ఎవరు మాత్రం ఒత్తిడి పెడతారు?

ఆ ఆసుపత్రిలో పనిచేస్తున్న థామస్ డెలోర్మ్ అనే యువ వైద్యుడు ఈ నమ్మకాన్ని ప్రశ్నించాడు. ఆయన అలబామా రాష్ట్రం వాడు. కుర్రతనంలో రుమాటిక్ జ్వరం వచ్చి చాలాకాలం మంచం పట్టాడు. కోలుకున్నాక ఇనుప బరువులెత్తి ఒంట్లోకి సత్తువ తెచ్చుకున్నాడు. బరువు కండను ఏం చేస్తుందో పుస్తకంలో చదవకముందే సొంత ఒంటి మీద చూసినవాడన్నమాట. నా దృష్టిలో ఈ కథకు మూలం అక్కడుంది. వార్డులో పడుకున్న సైనికుడిలో ఆయనకు రోగి ఒక్కడే కనిపించలేదు, రేపు బరువెత్తబోయే మనిషి కూడా కనిపించాడు.

పరికరం చాలా మామూలుది. అడుగున ఇనుప కడ్డీ ఉన్న లోహపు జోడు. దాన్ని పాదానికి పట్టీలతో కట్టి, కడ్డీకి అటూ ఇటూ బిళ్లలు తగిలిస్తారు. రోగి బల్ల అంచున కూర్చుని, కిందికి వేలాడే కాలిని మోకాలి దగ్గర నిటారుగా చాపాలి. మెల్లగా దించాలి.

అసలు ఆవిష్కరణ ఆ జోడు కాదు, కొలత. పదిసార్లు ఎత్తగలిగి, పదకొండోసారి ఎత్తలేని బరువు ఎంత? అదే ఆ మనిషికి ఆ వారపు బరువు. వారం గడిచాక మళ్లీ పరీక్షించాలి, బలం పెరిగితే బిళ్లా పెరగాలి. ఎవరి కాలికి ఎంత వెయ్యాలో ఆ కాలే చెబుతుంది. తేలికైన బరువు ఎన్నిసార్లు ఎత్తినా ఓర్పు పెరుగుతుందే తప్ప బలం రాదనీ, ఒకటి రెండోదాని పని చెయ్యదనీ డెలోర్మ్ తేల్చి చెప్పాడు. 1945లో ఎముకల వైద్య పత్రికలో తన ఫలితాలు ప్రచురించాడు.

మొదట్లో ఒక్క పూటలో 70 నుంచి 100 సార్లు ఎత్తించేవాడు. అంత అక్కర్లేదని అనుభవం మీద తెలిసింది. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి మూడు విడతలకు కుదించాడు: ఆ బరువులో సగంతో పదిసార్లు, ముప్పావుతో పదిసార్లు, చివర పూర్తి బరువుతో పదిసార్లు. 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో జినోవీఫ్ అనే వైద్యుడు దీన్ని తిరగేశాడు. చివరికి వచ్చేసరికి రోగి అలసిపోతాడు కాబట్టి పెద్ద బరువు ముందే ఎత్తించాలన్నది ఆయన వాదన. ఎటు నుంచి మొదలుపెట్టినా బలం పెరిగింది.

ఈనాడు మన ఊళ్లలో ఫిజియోథెరపీ గదికి వెళ్లినా చీలమండకు ఇసుక సంచి కట్టి "పది చొప్పున మూడు సెట్లు" అంటారు. ఆ పది, ఆ మూడు డెలోర్మ్ పద్ధతిలోవే. కానీ ఇంటికొచ్చాక నెలల తరబడి అదే సంచితో కాలు ఊపేవాళ్లు చాలామంది. వారం వారం కొలిచి పెంచడాన్ని వదిలేస్తే డెలోర్మ్ పద్ధతిలో ప్రాణం పోయినట్టే. నిపుణుడి చేత మళ్లీ మళ్లీ బరువు చూపించుకోమని అందుకే గట్టిగా చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డెలోర్మ్ బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ పోలియో వచ్చినవాళ్లకూ ఇదే పద్ధతి పెట్టాడు. సొంత కాలి బరువునే ఎత్తలేనివాళ్ల మాటేమిటి? కాలికి తాడు కట్టి, గిలక మీదుగా అవతలి కొసకు బిళ్లలు వేలాడదీశారు. ఆ బిళ్లలు కాలి బరువులో కొంత మోసేవి, మిగతాది రోగి ఎత్తాలి. సత్తువ వచ్చేకొద్దీ అవతలి బిళ్లలు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు.