ఎల్లుండి ఫోన్ ఎవరు చేస్తారు?

ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గర ఒక కౌలు రైతు. మూడెకరాల పత్తికి గులాబీ రంగు పురుగు పట్టింది. ఏరిన పత్తి కూలీలకే సరిపోయింది. షావుకారు రోజూ వాకిట్లో నిలబడుతున్నాడు. ఆ రాత్రి భార్య హెల్ప్‌లైన్ నంబరు కొట్టి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"చెప్పుండ్రి అన్నా, వింటున్న."

"ఏం జెప్పాలె మేడం. బతుకబుద్ధి అయితలేదు."

"అన్నం తిన్నరా? పక్కకు ఎవరున్నరు? వదినను మీ దగ్గరనే కూసోమనుండ్రి. ఫోన్ పెట్టకుండ్రి."

అప్పు లెక్క, పట్టా ఎవరి పేరు మీద ఉందన్న సంగతి ఆ తర్వాతే వచ్చాయి. చివరికి ఫోన్‌లోని మేడం అంది: "ఎల్లుండి పొద్దుగాల నేనే చేస్త."

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఇలాంటి ఫోన్లు ఎలా నడుస్తాయో చూపడానికి పేర్లు లేకుండా అల్లిన ఘట్టం. 'కిసాన్ మిత్ర' హెల్ప్‌లైన్ మాత్రం నిజం. 2017 ఏప్రిల్‌లో వికారాబాద్‌లో, దివ్య దేవరాజన్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో మొదలైంది. ఆమె ఆదిలాబాద్‌కు బదిలీ అయ్యాక ఈ జిల్లాకూ వచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చినది, మాట వినడంతో పని ఆగకపోవడం. రైతు తరఫున తహసీల్దారునో బ్యాంకునో అడిగే మనిషి కూడా ఉండడం. 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం పంటకు ఎకరానికి 4,000 రూపాయలతో మొదలైనప్పుడు ఆ డబ్బు పట్టాదారుకే వెళ్లింది, కౌలుదారుకు కాదు. అలాంటి మనిషికి ధైర్యం చెప్పి వదిలేస్తే ఆ ధైర్యం ఎన్నాళ్లుంటుంది?

ఇలాంటి సేవలకు అసలు చిక్కు డబ్బు దగ్గరే వస్తుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన మెదక్ ఒకటి. కేంద్రం ఐదేళ్లు నిధులిస్తుంది, ఆపై రాష్ట్రం మోయాలి అన్నది అప్పటి ఏర్పాటు. దేశంలో చాలాచోట్ల ఆ చేతులు మారే దగ్గరే పని చిక్కుకుపోయింది.

నిధులు ఆగితే తెగేది జీతం ఒక్కటే కాదు. పాత కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో మరమగ్గం మీద బతికే ఒక నేతన్న కౌన్సెలర్ ముందు మూడు నెలలకు గానీ నోరు విప్పడనుకోండి. నాలుగో నెల వచ్చేసరికి ఆ కౌన్సెలర్ లేడు. కొత్త మనిషి వచ్చినా, తన పరువు తీసిన అప్పుల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. చాలామంది చెప్పరు, ఇక రారు. కుంగుబాటుకు మందులు మొదలుపెడితే నెలల తరబడి వాడాలి, మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

కలెక్టర్లు బదిలీ అవుతారు. ఒకరి పట్టుదలతో నిలిచిన సేవ తర్వాతి వారి దయ మీద ఆధారపడకూడదు. ప్రభుత్వం నడిపే మానసిక వైద్యసేవలు పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇచ్చిన హక్కు. అందుకే ఆరోగ్య ఉపకేంద్రానికి ఏఎన్ఎం ఉన్నట్టే కౌన్సెలర్‌కూ, ఊళ్లకు తిరిగే కార్యకర్తకూ శాశ్వత పోస్టులు ఉండాలని నేను అడుగుతున్నాను.

2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరైనా ముభావంగా ఉంటే వారి తరఫున మీరే ఫోన్ చేయండి.