పోటు లేని రోజున వచ్చిన ఉప్పెన

1977 నవంబరు 19, శనివారం. ఆర్మూర్ చుట్టూ పసుపు చేలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. తవ్వకాలు సంక్రాంతి దాటాకే. కాస్త తీరిక ఉంది కాబట్టి నాతో దివిసీమకు రండి, కృష్ణమ్మ రెండు పాయలై సముద్రంలో కలిసే చోటికి.

వచ్చారా? ముందు చుట్టూ చూడండి. గుట్ట లేదు. మన దగ్గర నీళ్లొస్తే నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కి కూర్చోవచ్చు. ఇక్కడ ఎక్కడానికి తాటిచెట్టే దిక్కు.

మీరు హంసలదీవి దగ్గర ఒక తాటాకు గుడిసెలో ఉన్నారు. వాన తెరిపివ్వలేదు. పొద్దున ఈశాన్యం నుంచి కొట్టిన గాలి తూర్పుకు తిరిగింది. బయట కోతకొచ్చిన వరి నేలకు పడుకుంది. "గాలివానే కదా, రాత్రికి తగ్గిపోద్దిలే" అంటోంది ఇంటావిడ, పొయ్యి తడవకుండా గోనె కప్పుతూ. ఆమె మాటను తీసిపారేయలేం. ఈ తీరానికి తుఫాను కొత్త కాదు. పైగా ఇవాళ కార్తీక శుద్ధ నవమి. అమావాస్య వెళ్లి ఎనిమిది రోజులైంది, పౌర్ణమి ఇంకా రాలేదు. పోటు బలహీనంగా ఉండే రోజులివి. సముద్రానికి జడవాల్సిన తిథి కాదని వలలు అల్లే ముసలాయన లెక్క. చంద్రుడి లెక్క తప్పలేదు. తుఫానుకు చంద్రుడితో పని లేదు, అంతే.

సాయంత్రం కావస్తుండగా గాలి మళ్లీ తిరిగింది, ఆగ్నేయానికి. అంటే నేరుగా సముద్రం మీది నుంచి. తుఫాను కన్ను పడమరగా చీరాల వైపు తీరం దాటుతోంది. కంటికి కుడి పక్కన ఉండటమే దివిసీమ ఖర్మ. మన వైపు సముద్రాల్లో తుఫాను గాలి అపసవ్య దిశలో సుడి తిరుగుతుంది కాబట్టి, కుడి పక్కన అది నీళ్లను నేల మీదికి నెడుతుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. నెట్టుకొచ్చిన నీళ్లకు కిందికి పోయే చోటు లేదు, పైకి లేవాల్సిందే.

తలుపు సందులోంచి చూడండి. కాలువలో నీళ్లు వెనక్కి నడుస్తున్నాయి.

గోదావరి వరద మీకు తెలుసు. ఎగువన వాన పడిందని కబురొస్తుంది, పోచంపాడు నిండుతుంది, గేట్లు ఎత్తుతారు. ఇది దిగువ నుంచి ఎగువకు వస్తోంది. ఒక అల వచ్చి విరిగి పోవడం కాదు. సముద్రమే మట్టం పెంచుకుని, తన అలలతో సహా లోపలికొస్తోంది. మోకాళ్లు, నడుము, తర్వాత గోడ లేదు. నోట్లోకి వెళ్లిన నీళ్లు ఉప్పగా, బురదగా ఉన్నాయి. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలిలో అరుపు పక్క మనిషికి వినపడదు. చేతికి తుమ్మకొమ్మ తగిలింది. ముళ్లు దిగుతున్నా వదలకండి. ఆ రాత్రి బతికినవాళ్లలో చాలామంది ఇలా చెట్లను పట్టుకున్నవాళ్లే.

నీళ్లు చోట్లను బట్టి 5 మీటర్ల దాకా లేచాయి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి వెళ్లాయి. తెల్లారేసరికి తీశాయి. ప్రభుత్వ లెక్కలో మృతులు సుమారు పది వేలు. ఆ లెక్కను నమ్మేవాళ్లు దివిసీమలో తక్కువ. శవాలు తీయడానికి విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలూ వచ్చారు. స్థానిక నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ పనుల్లో మునిగిపోయారు. పొలాల్లో ఉప్పు మిగిలింది.

ఈ సముద్రం ముందు చెప్పలేదనడానికి లేదు. 1864 నవంబరు 1 రాత్రి పక్కనే బందరును 13 అడుగుల ఉప్పెన ముంచింది, 30 వేల మంది పోయారంటారు. ఆ పాఠం 113 ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 1977 తర్వాతే తుఫాను షెల్టర్లు లేచాయి, బందరులో రాడార్ వచ్చింది. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుఫాను ఇదే కృష్ణా తీరాన్ని తాకింది. జనాన్ని ముందే పెద్ద ఎత్తున తరలించారు. మృతులు వెయ్యి లోపే.

కోస్తాలో మీ చుట్టాలుంటే, ఈసారి తుఫాను వార్త విన్నప్పుడు గాలి ఎంత అని అడిగి ఊరుకోకండి. నీళ్లు ఎంత ఎత్తు లేస్తాయన్నారో, వాళ్లు ఎప్పుడు బయల్దేరుతున్నారో అడగండి.