చిరు వ్యాపారాల సామాజిక మాధ్యమ ప్రచారం

చిరు వ్యాపారాల సామాజిక మాధ్యమ ప్రచారం అనగా చేతివృత్తులవారు, ఇంటి వద్ద ఆహార పదార్థాలు తయారుచేసేవారు, వీధి వ్యాపారులు, చిన్న దుకాణదారులు ప్రచార సంస్థల సహాయం లేకుండా తమ వద్దనున్న ఫోనుతోనే ఫోటోలు, చిన్న వీడియోలు, ప్రత్యక్ష ప్రసారాలు రూపొందించుకొని యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటి వేదికల ద్వారా కొనుగోలుదారులను చేరుకోవడం. సరుకును ఎవరు, ఎక్కడ, ఎలా తయారు చేశారో కొనేవారు స్వయంగా పరీక్షించి తెలుసుకునేలా చూపడం ఈ ప్రచారానికి ప్రధాన బలం. ఈ వ్యాసంలో ఎక్కువగా తెలుగు రాష్ట్రాలలోని చేనేత, ఆహార వ్యాపారాల ఉదాహరణలు ఉన్నాయి.

నేపథ్యం

ఫేస్‌బుక్ 2007 నవంబరులో వ్యాపారాలకు ప్రత్యేక పేజీలను ప్రవేశపెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో మొదలైంది. అయితే భారతదేశంలో చిరు వ్యాపారులకు ఇవి నిజంగా అందుబాటులోకి వచ్చినది 2016 తరువాతనే. ఆ సంవత్సరం సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధరలు బాగా పడిపోయాయి. అదే సంవత్సరం మొదలైన యూపీఐ వలన దూరప్రాంతపు కొనుగోలుదారు నుండి నేరుగా డబ్బు తీసుకోవడం సులభమైంది. 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ వచ్చింది.

తెలుగులో తక్కువ ఖర్చు వీడియోలకు ఆదరణ ఉంటుందని నిరూపించినవారు మొదట వ్యాపారులు కారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో, గుంటూరు ప్రాంతపు వృద్ధురాలు మస్తానమ్మ (మరణం 2018) పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండిన కంట్రీ ఫుడ్స్ వీడియోలు లక్షలాది ప్రేక్షకులను పొందాయి. సొంత యాస, సొంత పెరడు ఉంటే చాలునన్న ధైర్యం వీటివలన చాలామందికి కలిగింది. 2020 లాక్‌డౌన్ కాలంలో సంతలు, వస్త్ర ప్రదర్శనలు నిలిచిపోయి నేతగాళ్ళ ఇళ్ళలో చీరలు పేరుకుపోయినపుడు, అంతవరకు ఫోనును మాట్లాడడానికే వాడినవారు సైతం వాట్సాప్ సమూహాలలో ఫోటోలు పెట్టడం నేర్చుకున్నారు.

చేనేత: ఒక ఉదాహరణ

యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి, పుట్టపాక పరిసరాలలో నేసే ఇక్కత్ వస్త్రాలను తీసుకుంటే ఈ ప్రచారపు స్వభావం తేటగా అర్థమవుతుంది. ఇక్కత్ నమూనాలను అచ్చువేసిన మిల్లు బట్టలు అసలు చీర ధరలో కొద్ది భాగానికే, అదే పేరుతో అమ్ముడవుతుంటాయి. ఫోటోలో రెండూ ఒకేలా కనబడతాయి. నిజానికి స్టూడియో దీపాలు, మోడల్‌తో తీసిన ఫోటో నకిలీ చీరకే ఎక్కువ మేలు చేస్తుంది.

నేతగానికి ఉపయోగపడే పని చీరను తిప్పి చూపడం. ఇక్కత్‌లో రంగు నేతకు ముందే నూలుకు ఎక్కుతుంది. అందువలన చీరకు ముందువైపు, వెనుకవైపు దాదాపు ఒకేలా ఉంటాయి. నమూనా అంచులు కాస్త చెదిరినట్లు కనబడతాయి. అచ్చువేసిన బట్టకు సాధారణంగా వెనుకవైపు రంగు వెలిసినట్లుంటుంది, అంచులు గీత గీసినట్లుంటాయి. రెండు బట్టలను పక్కపక్కన ఉంచి తిరగవేసి చూపే పదిహేను సెకన్ల వీడియోకు అయ్యే ఖర్చు శూన్యం. దానిని చూసినవారు తరువాత ఏ దుకాణానికి వెళ్ళినా చీరను తిప్పి చూస్తారు. పట్టు విషయంలోనూ ఇటువంటి పరీక్ష ఉంది. ఒక పోగును జాగ్రత్తగా కాల్చితే అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. 2004లో వచ్చిన సిల్క్ మార్క్, 2006లో వచ్చిన చేనేత గుర్తు ఉన్నవారు వాటి చీటీలను దగ్గరగా చూపడం మేలు.

చీర మగ్గం ఎక్కకముందే పది వీడియోలకు సరిపడే పని జరుగుతుంది. నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. తరువాత నమూనా ప్రకారం రబ్బరు పట్టీలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి మరో రంగులో ముంచుతారు. ఒక చీరకు వేలసార్లు చేయి తిప్పవలసిన ఆసు పనిని తేలిక చేసే యంత్రాన్ని రూపొందించిన చింతకింది మల్లేశం 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు పోయడం సాంప్రదాయికంగా ఇంటి ఆడవారి పని. దుకాణపు అద్దాల వెనుక వేలాడే చీరలో ఆ శ్రమ కనబడదు. ఇంటి వీడియోలో కనబడుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. కొత్త నమూనాను బహిరంగంగా చూపినపుడు, మరో చీర నేసేలోపే దాని అచ్చు నకలు బజారులోకి రావచ్చు. కనుక కొందరు నేతగాళ్ళు పని విధానాన్ని పాత నమూనాలతోనే చూపి, కొత్తవాటిని తెలిసిన కొనుగోలుదారుల వాట్సాప్ సమూహానికి మాత్రమే పరిమితం చేస్తారు. మధ్యవర్తులు నేతగాని వీడియోనే తీసుకొని తమ పేరుతో అమ్ముకోవడం మరో సమస్య. పేరు, ఊరు వీడియో మూలన అతికిస్తే సులభంగా కత్తిరించగలరు. మాటలోనే చెప్పినా, మగ్గం మీద పలకకు రాసి ఉంచినా తొలగించడం కష్టం.

చిత్రీకరణ

ఫోనును నిలువుగా, కదలకుండా ఉంచడానికి చవక స్టాండు, గాలి చప్పుడు తగ్గించడానికి చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు చాలు. కూర్పుకు ఉచిత అనువర్తనాలు ఉన్నాయి. వెలుతురు విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు, అదృష్టవశాత్తు పగటి వెలుగుకు ఖర్చు లేదు. కిటికీ పక్కనుండి పడే ఉదయపు వెలుగులో నేత అల్లిక, పచ్చడిపై నూనె తేట చక్కగా కనబడతాయి. పసుపు బల్బు కింద తీసిన గంధం రంగు చీర ఫోనులో బంగారు రంగులో కనిపించి, ఇంటికి చేరాక తగవు తెస్తుంది. తెల్ల కాగితాన్ని చీర పక్కన ఉంచి తీసినట్లయితే రంగు ఎంత మారిందో కొనేవారికి తెలుస్తుంది. రంగులు మార్చే ఫిల్టర్లు అమ్మకపు వీడియోలలో వాడరాదు.

చాలామంది శబ్దం లేకుండా చూస్తారు గనుక ముఖ్యమైన మాటలను తెర మీద తెలుగులో రాయడం అవసరం.

ధర, సంభాషణ

"ధరకు మెసేజ్ చేయండి" అన్న మాట ఈ రంగంలో సర్వసాధారణం. ధర బయటపెడితే పోటీదారు తగ్గించి అమ్ముతాడని, టోకు కొనుగోలుదారులు నొచ్చుకుంటారని వ్యాపారుల భయం. ఈ భయంలో నిజం లేకపోలేదు. కాని ధర దాచిన చోట బేరం మీద అనుమానం మొదలవుతుంది. నూలు ఎంత, రంగు ఎంత, ఎన్ని రోజుల కూలి అన్నది విడమరచి చెప్పిన వీడియో అధిక ధరకు తగిన కారణాన్ని చూపుతుంది. అచ్చు చీరతో పోలిక వచ్చినపుడు నేతగానికి ఉన్న సమాధానం కూడా అదే.

వ్యాఖ్యలకు ఇచ్చే జవాబు సైతం ప్రచారంలో భాగమే. 2025 ఏప్రిల్‌లో పచ్చళ్ళ ధర ఎక్కువని అన్న ఒక వినియోగదారునికి అమ్మకందారుల వైపు నుండి వెళ్ళిన దుర్భాషల స్వర సందేశం బయటకు వచ్చి, తెలుగు రాష్ట్రాలలో పెద్ద దుమారం రేగింది.

చెల్లింపులలో మోసాలు ఎక్కువ. డబ్బు పంపడానికే యూపీఐ పిన్ కావాలి, పొందడానికి అక్కరలేదు. కొనుగోలుదారు చూపే స్క్రీన్‌షాట్ కన్నా సొంత ఖాతాలో జమ అయినదో లేదో చూసుకోవడం మేలు. దెబ్బతిన్న సరుకు మార్పిడికి పెట్టెను విప్పుతున్నప్పటి వీడియో అడగడం అలవాటుగా మారింది, ఈ షరతును అమ్మకానికి ముందే తెలపాలి.

ఆదరణతో వచ్చే ఇబ్బందులు

హైదరాబాదు మాదాపూర్ ప్రాంతంలో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ పేరు యూట్యూబర్లు, రీల్స్ తీసేవారి ద్వారా మారుమోగింది. ఆమె ప్రచారానికి ఖర్చుపెట్టలేదు. అయితే జనం, వాహనాలు పెరిగి, 2024 జనవరిలో ట్రాఫిక్ పోలీసులు దుకాణాన్ని ఆపించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో అక్కడే కొనసాగడానికి అనుమతి లభించింది. అటువంటి జోక్యం ప్రతి వీధి వ్యాపారికీ దొరికేది కాదు. రోజుకు ఎంత వండగలరో, నెలకు ఎన్ని చీరలు నేయగలరో ముందే చెప్పి, వరుస క్రమంలో ఆర్డర్లు తీసుకునేవారికి ఈ ఒత్తిడి కొంత తగ్గుతుంది.

ఢిల్లీ మాల్వీయ నగర్‌లోని బాబా కా ఢాబా కథ మరొక రకం. 2020 అక్టోబరులో గిరాకీ లేక కన్నీరు పెట్టుకున్న వృద్ధుని వీడియో దేశమంతా వ్యాపించి, జనం బారులు తీరారు. తరువాత విరాళాల విషయమై వివాదం రేగింది. కొత్తగా తెరిచిన రెస్టారెంటు కొద్ది నెలలకే మూతపడి, 2021లో ఆ దంపతులు పాత చోటికే తిరిగివచ్చారు. జాలితో వచ్చినవారు ఒకసారి వస్తారు, రుచి కోసం వచ్చినవారు మరల వస్తారు. ఈ తేడాను గమనించక, కష్టాలను నటించి తీసిన వీడియోలు ఆ తరువాత కాలంలో చాలా వచ్చాయి. అవి నిజంగా ఇబ్బందిలో ఉన్నవారి మాటను కూడా నమ్మలేని స్థితి తెస్తున్నాయి.

ఒకే వేదికపై ఆధారపడడం కూడా ప్రమాదమే. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించడంతో దానిలో కూడబెట్టుకున్న అనుచరులందరూ ఒక్కరోజులో దూరమయ్యారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలపాటు నిలిచిపోయాయి. కొనుగోలుదారుల ఫోను నెంబర్లను వారి అనుమతితో పుస్తకంలో రాసుకునే పాత పద్ధతికి అందుకే ఇప్పటికీ విలువ ఉంది.

చట్టపరమైన అంశాలు

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది. మిల్లు బట్టను చేనేతగా చూపే వీడియో కూడా దీని పరిధిలోకి రావచ్చు. డబ్బు లేదా ఉచిత సరుకు తీసుకొని పొగిడేవారు ఆ సంగతిని వీడియోలోనే తెలపాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు వెలువరించింది. పచ్చళ్ళు, పిండివంటలు అమ్మేవారు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వద్ద నమోదు చేసుకొని, 14 అంకెల సంఖ్యను పొట్లంపై ముద్రించాలి. పనివారి, వినియోగదారుల ముఖాలు చూపే ముందు వారి సమ్మతి తీసుకోవాలి. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

సినిమా పాటలకు కాపీరైటు చట్టం, 1957 వర్తిస్తుంది. వ్యక్తిగత ఖాతాలో దొరికే పాటలన్నీ వ్యాపార ఖాతాలో వాడడానికి ఇన్‌స్టాగ్రామ్ అనుమతించదు. పాట తొలగించబడిన వీడియో మూగదై మిగులుతుంది. అందువలన చాలామంది నేతగాళ్ళు తమ వీడియోలలో మగ్గం చప్పుడునే ఉంచుతున్నారు.