పెన్‌డ్రైవ్‌ల ఫైళ్లు మాయమైతే ఆగమాగం కావొద్దు

జూరాల ముంపుల భూములు పోయిన రైతుల కాయితాలు ఇల్లిల్లు తిరిగి జమ జేసిన. పాత పహాణీలు, నోటీసులు అన్ని ఆత్మకూరుల స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌ల పెట్టుకున్న. ఒకనాడు ప్రింట్ తీద్దామని పెడితే ఖాళీ! గుండె జల్లుమన్నది. పక్కనున్న పిలగాడు "ఫార్మాట్ కొడుదమా అన్నా" అన్నడు. ఆ మాట ఇంటే అంతా మట్టిల కలుస్తుండె.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, అసలు సంగతి ఇది. డ్రైవ్‌ల ఏ ఫైలు ఏడ ఉన్నదో రాసిపెట్టే పట్టీ ఒకటుంటది. డిలీట్ కొడితే మామూలుగా ఆ పట్టీల పేరు మీద గీత పడతది గంతే. పహాణీల పేరు ఎగిరినా చెల్క ఆడనే ఉన్నట్టు. కానీ ఇంకొకడు వచ్చి దున్నెదాకనే. అందుకే ఫైళ్లు పోయిన డ్రైవ్‌ల కొత్తగ ఏదీ ఎక్కియ్యొద్దు.

ముందుగాల ప్రాపర్టీస్ తెరిచి, జాగ ఎంత నిండిందో చూడుండ్రి. నిండినట్టు చూపి ఫైళ్లు కనవడకుంటే, అవి దాగి ఉండొచ్చు. షార్ట్‌కట్ వైరస్ చేసే పని ఇదే. ఆ షార్ట్‌కట్‌ల మీద నొక్కొద్దు. వ్యూ మెనూల హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెట్టుండ్రి. అప్పటికీ రాకుంటే, ఫోల్డర్ ఆప్షన్స్‌ల సిస్టం ఫైళ్లను దాచే టిక్ తీసేయుండ్రి. నా కాయితాలు గట్లనే దొరికినయి.

నిజంగనే డిలీట్ అయితే రెకువా, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నయి. పైసలు కట్టకుండనే వాడుకోవచ్చు. దొరికినవాటిని అదే డ్రైవ్‌ల కాదు, వేరేదాంట్ల దాచాలె. ఫొటోరెక్ ఫైలు మొదట్ల ఉండే గుర్తులు చూసి ఎతుకుతది, గందుకే పాత పేర్లు రావు. ఎస్ఎస్‌డీల మాత్రం ట్రిమ్ అనే పద్ధతి డిలీట్ అయిన జాగను తుడిచేస్తది, ఆశ తక్కువ. హార్డ్‌డిస్క్ టక్ టక్ మంటే వెంటనే బంద్ చేయుండ్రి. ఇంకా నడిపితే ఉన్నది గూడ పోతది.

పెద్దోళ్లకూ ఈ తిప్పలు తప్పలె. 1998ల 'టాయ్ స్టోరీ 2' సినిమా ఫైళ్లు ఒక తప్పు కమాండ్‌తోని చెరిగిపోయినయి. స్టూడియో బ్యాకప్ పనిచెయ్యలె. బాలింతగ ఇంటికాడినుంచి పని జేసే ఒక ఉద్యోగి కంప్యూటర్ల ఉన్న నకలే సినిమాను కాపాడింది.

2020 అక్టోబర్‌ల ధరణి వచ్చినంక సర్వే నెంబర్లు కనవడక దరఖాస్తులు పట్టుకొని తిరిగిన రైతులు మన చుట్టూ ఉన్నరు. 2025ల భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా, ఆడ మన పేరు ఎగిరితే తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ మన చేతిల లేదు. మన దగ్గరున్న కాయితమే సాక్ష్యం. గందుకే మూడు నకళ్లు పెట్టుకోవాలె: ఒకటి పెన్‌డ్రైవ్‌ల, ఒకటి మెయిల్ల, ఒకటి వేరే ఊర్లున్న సుట్టాలింట్ల. ఈ ఆదివారమే మీ నాయిన పాస్‌బుక్కుతోని మొదలువెట్టుండ్రి.