కర్నల్ సి. కె. నాయుడుగారు

భివండీలో పవర్‌లూముల చప్పుడు నడుమ పెరుగుచున్న మన పిల్లలు సెలవుదినము వచ్చినచో బ్యాటు పట్టుకొని మైదానమునకు పరుగెత్తుదురు. భారత టెస్టు జట్టునకు తొలి నాయకుడు ఒక తెలుగింటి బిడ్డయనియు, ఆ కుటుంబము మనవలెనే నేటి మహారాష్ట్రభూమిపై స్థిరపడినదే యనియు వారిలో ఎందరెరుగుదురో!

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించిరి. ఆయన పేరు దేశమెల్ల మారుమ్రోగినది మాత్రము మన పొరుగుననే. 1926 డిసెంబరు 1న బొంబాయి జిమ్‌ఖానా మైదానమున, గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందూ జట్టు పక్షమున రెండు గంటలలోపుగా 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లే 11. ఇంగ్లీషువారి బంతిని మనవాడు మైదానము దాటించుట చూచిన జనుల యుత్సాహము వర్ణింప నలవికాదు.

అయినను నాయకత్వము అంత సులభముగ లభింపలేదు. ఆ దినములలో జట్టును నడుపుట రాజులకు జన్మహక్కు. 1932లో ఇంగ్లండుకు వెడలిన జట్టునకు పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. తన ఆట యెంతటిదో ఎరిగిన మహారాజు టెస్టునుండి తాను తప్పుకొనెను (ఈ వివేకమునకు ఆయనను మెచ్చవలసినదే). లింబ్డీ కుమారునకు వెన్నునొప్పి. అట్లు జూన్ 25న లార్డ్స్ మైదానమున నాయుడుగారు భారతదేశపు తొలి టెస్టు జట్టును నడిపించిరి. రాజవంశీయుడు కానివాని క్రింద ఆడుటకు మనసొప్పనివారు జట్టులోనే కలరు. నాయుడుగారు వాదులాడలేదు. దెబ్బతిన్న చేతితోనే బ్యాటు పట్టి, మొదటి యిన్నింగ్సులో అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసిరి. మ్యాచి ఓడిపోయినను ఇంగ్లండు తన మొదటి 3 వికెట్లను 19 పరుగులకే పోగొట్టుకొనిన సంగతి అక్కడివారు మరువలేదు. మరుసటి యేడు విజ్డెన్ గ్రంథము నాయుడుగారిని ఆ యేటి అయిదుగురు మేటి ఆటగాండ్రలో చేర్చెను.

విచిత్రమేమన, 1936లో ఆయనను కాదని నాయకత్వమందినవాడును తెలుగు గడ్డకు చెందినవాడే, విజయనగర మహారాజకుమారుడు. ఆ యాత్ర కలహములమయము. లాలా అమరనాథును నడుమనే ఇంటికి పంపివేసిరి. అట్టి జట్టులో సామాన్య సభ్యుడుగా నిలిచిన నాయుడుగారు ఓవల్ మైదానమున, అలెన్ వేసిన బంతి దేహమునకు బలముగ తగిలినను క్రీజు వీడక 81 పరుగులు చేసిరి. ఆయన టెస్టు జీవితమున అదియే చివరి మ్యాచి, అదియే అత్యధిక స్కోరు. నాయకత్వము పోయిన నాడే ఆయన నాయకుడని నాకు తోచును.

మైదానము వెలుపల ఆయన కార్యక్షేత్రము ఇందూరు. 1923లో తుకోజీరావు హోల్కరు పిలుపునందుకొని అచ్చటికి చేరి, సైన్యమున కర్నలు పదవినందిరి. ముష్తాక్ ఆలీ వంటి బాలుని ప్రతిభను గుర్తించి పెంచిరి. ఆయన తీర్చిదిద్దిన హోల్కరు జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీని గెలిచెను. శిక్షణ మాత్రము కఠినము. బంతి తగిలినచోట చేతితో రుద్దుకొనుటకు కూడ ఆయన యెదుట వీలులేదు! కొందరు కుర్రవారికి ఇది కేవలము భయమునే కలిగించియుండును. దానిని పూర్తిగా సమర్థింపజాలము. కాని తనకు లేని నియమమును ఇతరులకు విధించువాడు కాడాయన. ఒక రంజీ పోటీలో ఫడ్కర్ బంతికి పండ్లు ఊడినను ఆట మానలేదు.

1956లో ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చెను. అరువదియేండ్లు దాటిన ఆ కర్నలుగారు 1956–57లో ఉత్తరప్రదేశ్ జట్టునకు నాయకులై, తన కుమారుల యీడు బౌలర్లనెదిరించి రంజీ పోటీలాడిరి. 1967 నవంబరు 14న ఇందూరులోనే కన్నుమూసిరి.