పాయింట్లు ఉన్నాయి, సీటు లేదు

పోయిన మీటింగ్‌లో లెక్కలు చదవడం అయ్యాక మన కుర్రవాళ్ళు ఒక ప్రతిపాదన తెచ్చారు, గుర్తుందిగా. సభ్యుల దగ్గర పడి ఉన్న విమానం పాయింట్లన్నీ ఒక చోట చేర్చి, ఎవరింట్లోనైనా చావు కబురో ఆపరేషనో వచ్చినప్పుడు పిల్లల్ని రప్పించడానికి, పెద్దవాళ్ళను పంపించడానికి వాడుకుందామని. ఆలోచన మంచిదే. చేతులెత్తేవాళ్ళు ఎత్తేశారు కూడా. మేము మాత్రం వచ్చే నెలకు వాయిదా వేయమన్నాం. ఎందుకన్నామో అక్కడ కాఫీ చేతిలో పట్టుకుని చెప్పేంత చిన్న సంగతి కాదు కనుక ఇక్కడ రాస్తున్నాం.

ముందు మా ఇంటి సంగతి. మేమిద్దరం ఎనిమిదేళ్ళు పాయింట్లు కూడబెట్టాం. కరెంటు బిల్లు, కిరాణా, పెళ్ళి బట్టలు, అన్నీ ఆ కార్డు మీదే గీకాం. అమెరికాలో ఉన్న మా అమ్మాయికి రెండో కాన్పు డిసెంబరు చివర్లో అని డాక్టరు చెప్పారు. పుస్తకం లెక్కన మా పాయింట్లకు ఇద్దరికీ టికెట్లు రావాలి. ఫోన్ చేస్తే డిసెంబరులో పాయింట్ల సీట్లు లేవన్నారు. డబ్బిస్తే మాత్రం అదే విమానంలో ఎన్నైనా ఉన్నాయి! చివరకు నెలారంభంలో, రెండు చోట్ల ఆగి వెళ్ళే దారిలో, ఒక్కటంటే ఒక్క సీటు దొరికింది. దాని మీద పన్నులూ సర్‌ఛార్జీలూ వేరే. మాలో ఒకరు వెళ్ళారు. రెండోవారు మనవరాలి బారసాల ఇక్కడ ఫోన్‌లో చూశారు. మిగిలిన పాయింట్లతో మరుసటి ఏడాదైనా వెళ్దామంటే, అదే టికెట్‌కు కావలసిన పాయింట్లు పెరిగిపోయి కూర్చున్నాయి. ఇది ఒక్క కంపెనీ దుర్మార్గమనుకుని కోపంతో చదవడం మొదలుపెట్టాం. చదివేకొద్దీ ఇది పుట్టుకలోనే ఉన్న గుణమని తెలిసింది.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. అక్కడ 1978 దాకా టికెట్ ధర ఎంత ఉండాలో ప్రభుత్వ బోర్డే తేల్చేది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో కంపెనీలు తమ ధర తామే పెట్టుకోవచ్చని వదిలేశారు. ధరల పోటీ మొదలైతే ప్రయాణికుడు చవకైన చోటికి పోతాడు. అతన్ని కట్టిపడేయడం ఎలా? 1979లో టెక్సస్ ఇంటర్నేషనల్ అనే చిన్న కంపెనీ మైళ్ళ లెక్కన బహుమతి ఇచ్చింది. అసలు దెబ్బ 1981 మే 1న. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అడ్వాంటేజ్ పథకం ప్రకటించింది. వారం తిరగకుండా యునైటెడ్ కూడా అదే పని చేసింది. అమెరికన్ వాళ్ళ దగ్గర సేబర్ అనే రిజర్వేషన్ కంప్యూటర్ ఉండేది. అందులో ఒకే ఫోన్ నంబరు ఎన్నిసార్లు వస్తోందో వెతికి, తరచుగా ఎగిరేవాళ్ళను లక్షన్నర మంది దాకా ఏరి, వాళ్ళనే మొదటి సభ్యులుగా చేర్చుకున్నారు.

బహుమతుల కూపన్లు అక్కడివాళ్ళకు కొత్త కాదు. 1896 నుంచే అంగళ్ళలో సరుకు కొంటే ఆకుపచ్చ స్టాంపులు ఇచ్చేవారు, పుస్తకంలో అంటించి ఇస్తే గిన్నో దీపమో వచ్చేది. మన అమ్మలు టీ పొడి ప్యాకెట్లలో కూపన్లు దాచినట్టే. కానీ స్టాంపుల అంగడిలో గిన్నె అందరికీ ఒకే గిన్నె. విమానంలో సీటు అలా కాదు, అది బయలుదేరే క్షణందాకా సరుకు, తలుపు వేశాక చెత్త. ఖాళీగా ఎగిరిన సీటును రేపు అమ్ముకోలేరు. అలాంటి సీటును ఊరికే ఇచ్చేస్తే కంపెనీకి పోయేది దాదాపు ఏమీ లేదు. పథకం మొత్తం నిలబడింది ఈ ఒక్క లెక్క మీద.

మా డిసెంబరు సీటు ఎందుకు దొరకలేదో ఇక్కడ అర్థమైంది. ఏ విమానంలో ఏ రోజు ఎన్ని సీట్లు డబ్బుకు అమ్ముడుపోతాయో కంప్యూటర్ ముందే అంచనా కడుతుంది. అమ్ముడుపోవని తోచిన సీట్లే పాయింట్లకు వదులుతారు. మనకు కావలసినవి ఏ రోజులు? పిల్లలకు సెలవులు, పండగ, పెళ్ళి ముహూర్తాలు, కాన్పు. అందరికీ కావలసిన రోజులే, అంటే కంపెనీ అమ్ముకునే రోజులే. మంగళవారం మధ్యాహ్నం హైదరాబాద్‌కు మాత్రం పాయింట్ల సీటు ఎప్పుడూ ఉంటుంది.

ఇక అసలు తగాదా. 1988లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన నియమాలు మార్చింది. ఉచిత సీట్ల సంఖ్యకు పరిమితి పెట్టింది, కొన్ని తేదీల్లో అసలు ఇవ్వమంది. ఇకమీదట సంపాదించే మైళ్ళకైతే ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదేమో. అప్పటికే సంపాదించి దాచుకున్న మైళ్ళకు కూడా ఆ కొత్త నియమాలే అన్నారు. చీటీ కట్టేవాళ్ళం కదా మనం, ఆ భాషలో చెప్తాం. ఇరవై నెలల చీటీలో పన్నెండు నెలలు కట్టించుకుని, పదమూడో నెలలో ఫోర్‌మన్ వచ్చి "శ్రావణంలో పాట లేదు, వచ్చే మొత్తం కూడా తగ్గించాం" అంటే మన చిక్కపేటలో అతను అంగడి తెరవగలడా?

ఇల్లినాయ్‌లో కొందరు సభ్యులు కలిసి కోర్టుకెక్కారు. నియమాలు మార్చే హక్కు కంపెనీకి ఉందని కాగితంలో రాసి ఉంది, అది వాళ్ళూ ఒప్పుకున్నారు. ఆ హక్కు ఇప్పటికే చేతికొచ్చిన మైళ్ళకు వర్తిస్తుందా అన్నదే ప్రశ్న. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995 జనవరిలో న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తీర్పు రాశారు. వినియోగదారుల మోసాల మీద రాష్ట్రం చేసిన చట్టం విమాన కంపెనీల మీద పనికిరాదు, 1978 చట్టం దాన్ని అడ్డుకుంటుంది అన్నారు. అయితే కంపెనీ తానుగా ఇచ్చిన మాట తప్పితే ఒప్పందం కింద అడగవచ్చు. సగం గెలుపు, సగం ఓటమి. కంపెనీలు మాత్రం నేర్చుకోవలసింది నేర్చుకున్నాయి: మాట ఎంత తక్కువ ఇస్తే అంత మంచిది. ఇవాళ చాలా పథకాల నిబంధనల్లో పాయింట్లు సభ్యుడి ఆస్తి కావనే రాసి ఉంటుంది. మా కార్డు నిబంధనల్లోనూ ఉంది, ఎనిమిదేళ్ళ తర్వాత చదివాం.

2014లో ఇంకో తీర్పు. మిన్నెసోటాకు చెందిన ఒక యూదు మతగురువును మరీ ఎక్కువ ఫిర్యాదులు చేస్తున్నాడని నార్త్‌వెస్ట్ కంపెనీ సభ్యత్వం నుంచి తీసేసింది. నిజాయతీగా నడుచుకోవాలన్న సాధారణ న్యాయం వర్తించదా అని ఆయన అడిగారు. రాష్ట్ర చట్టం నుంచి వచ్చిన ఆ వాదనను కూడా 1978 చట్టమే అడ్డుకుంటుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. నచ్చకపోతే ఇంకో కంపెనీ పథకంలో చేరవచ్చట.

ఈలోగా పాయింట్ కూడా మారిపోయింది. 1987 నుంచే సిటీబ్యాంక్ కార్డుతో ఎగరకుండా మైళ్ళు సంపాదించే దారి వచ్చింది. కంపెనీలు మైళ్ళను బ్యాంకులకు టోకున అమ్మడం మొదలైంది. డెల్టా 2015లో ఏ టికెట్‌కు ఎన్ని మైళ్ళో చెప్పే పట్టికనే తీసేసింది, 2019లో యునైటెడ్ తీసేసింది. ధర రాయని అంగడిలో కూపన్ విలువ ఎంతో ఎవరు చెప్పగలరు? అప్పిచ్చేవాళ్ళకు మాత్రం ఆ విలువ బాగా తెలుసు. కరోనా వచ్చి విమానాలు నేలకు దిగినప్పుడు యునైటెడ్ తన మైళ్ళ పథకాన్ని తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చింది, 2021 మార్చిలో అమెరికన్ 1000 కోట్ల డాలర్లు తెచ్చింది. మనం దాచుకుంటే ఆస్తి కానిది, వాళ్ళు తాకట్టుపెడితే ఆస్తి.

మన దేశంలో కథ పొట్టిది, ఇంకా కరుకుది. మన బెంగళూరు నుంచే రెండు దారులు బయలుదేరాయి. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పెట్టి టికెట్ ధరే తగ్గించారు. 2005లో కింగ్‌ఫిషర్ హంగులతో వచ్చింది, కింగ్ క్లబ్ పాయింట్లు ఇచ్చింది, తర్వాత డెక్కన్‌నూ కలిపేసుకుంది. 2012 అక్టోబరులో దాని లైసెన్సు ఆపేశారు. జీతాలు రాని ఉద్యోగులే రోడ్డున పడ్డారు, పాయింట్ల వాళ్ళ గోడు ఎవరు వింటారు? మన బళేపేటలో ఒక బావగారు ఆ బంగారు రంగు కార్డును ఇంకా పర్సులోనే పెట్టుకున్నారు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయినప్పుడు పాయింట్లు బతికాయి, ఎందుకంటే ఆ పథకం వేరే కంపెనీ పేరున ఉండేది. అదే ఏడాది పేరు ఇంటర్‌మైల్స్ అయింది. అంటే విమానాలు పోయాక మైళ్ళు మిగిలాయి! 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు ఆ పాయింట్లు మహారాజా క్లబ్‌కు వెళ్ళాయి. పోలేదు, నిజమే. కానీ ఏ నియమాలు చూసి దాచుకున్నారో ఆ నియమాల కింద లేవు.

కనుక మన నిధి మాటకు వస్తాం. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఫోర్‌మన్ చీటీ మొదలుపెట్టకముందే రిజిస్టర్ చేయించాలి, హామీ చూపించాలి. పాయింట్లకు అలాంటి హామీ ఎక్కడా లేదు. ఒకరి ఖాతా నుంచి ఇంకొకరికి మార్చాలంటే చాలాచోట్ల రుసుము, కొన్నిచోట్ల అసలు కుదరదు. అన్నిటికన్నా ముఖ్యం, చావు కబురు మంగళవారం మధ్యాహ్నం చూసుకుని రాదు. ఆ రాత్రికే సీటు కావాలి, ఆ రాత్రికి పాయింట్ల సీటు ఉంటుందో లేదో మన సెక్రటరీ చేతిలో లేదు. పోయినవారి ఇంటివాళ్ళకు "నిధి ఉంది, సీటు లేదు" అని చెప్పే పని ఏ సెక్రటరీకీ పెట్టకూడదని మా మనవి.

కుర్రవాళ్ళు నొచ్చుకోవద్దు. నిధి పెడదాం, రూపాయల్లో పెడదాం. ఇంటికి నెలకు ఎంతో మీటింగ్‌లో తేల్చండి, మా పేరు మొదట రాసుకోండి. పాయింట్లు ఉన్నవాళ్ళు తొందరగా, ఏది దొరికితే అది వాడేసుకోండి. మా దగ్గర మిగిలినవాటితో టికెట్ రాదని తేలాక ఒక సూట్‌కేసు తెప్పించుకున్నాం. ఒక చక్రం కిర్రుమంటోంది.