మూడు బల్లలు, ఒక బంగారం

దోహాలో తెలుగు పిల్లవాడూ అరబ్బు పిల్లవాడూ చదరంగం బల్ల ముందు కూర్చుంటే మొదటి తగాదా ఏనుగు దగ్గర వస్తుంది. మన ఏనుగు మూల గడిలో ఉంటుంది, తిన్నగా నడుస్తుంది. అరబ్బీలో 'ఫీల్' అన్నా ఏనుగే. కానీ వాళ్ళ ఏనుగు రాజు పక్కన ఒకటీ, మంత్రి పక్కన ఒకటీ నిలబడి ఐమూలగా పోతుంది. మనం శకటం అనే పావు అది. వాళ్ళకు మూల గడిలో ఉండేది కోట. గుర్రం దగ్గర పేచీ లేదు. మంత్రి దగ్గర అసలే లేదు. యూరపువాళ్ళు రాణిని చేసి కూర్చోబెట్టిన ఆ పావు మనకు మంత్రి, వాళ్ళకు వజీరు. చతురంగం మన దగ్గర బయల్దేరి, పారశీకం మీదుగా అరబ్బుల ఇంటికి చేరి షత్రంజ్ అయింది. కాలక్రమంలో ఏనుగు జాగా తలో దగ్గర తలో రకమైంది. మంత్రి ఉద్యోగం మాత్రం పోలేదు.

ఆ పాత బంధుత్వం ఖతార్‌లో ఒకసారి బంగారు పతకంగా చేతికొచ్చింది. అది 2006 డిసెంబరు. 2026 డిసెంబరుకు ఇరవయ్యేళ్ళు కాబట్టి ఈ సంచికలో ఆ మాట రాసుకోవడం ధర్మం. మన సంచికల్లో క్రికెట్ జట్ల ఫోటోలకూ, ఉగాది నాటకాలకూ పేజీలు దొరుకుతాయి. మనం ఉంటున్న ఊళ్ళోనే మన జిల్లాల పిల్లలు గెలిచిన బంగారానికి ఇన్నాళ్ళూ అరపేజీ దొరకలేదంటే తప్పు చదరంగానిది కాదు.

ఆ ఏడు ఆసియా క్రీడలు డిసెంబరు 1 నుంచి 15 దాకా దోహాలో జరిగాయి. ఖలీఫా స్టేడియంలో ప్రారంభం నాడు వాన. ఈ ఎడారిలో వాన ఎంత అరుదో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ వానలోనే షేక్ మొహమ్మద్ బిన్ హమద్ అల్ థానీ గుర్రమెక్కి, ఏటవాలు దారిన పైదాకా వెళ్ళి జ్యోతి వెలిగించారు. టీవీలో చూసినవాళ్ళకు ఆ గుర్రం గుర్తుండే ఉంటుంది. చదరంగం ఆసియా క్రీడల్లో మొట్టమొదటిసారి అడుగుపెట్టింది ఆ క్రీడల్లోనే. పోటీలు మూడే: మగవాళ్ళకు ర్యాపిడ్ అనే వేగపు ఆట, ఆడవాళ్ళకు ర్యాపిడ్, ఇద్దరినీ కలిపి ఒక జట్టు పోటీ. మగవాళ్ళ ర్యాపిడ్ బంగారం కజఖ్‌స్థాన్ ఆటగాడు ముర్తాస్ కజ్గలీవ్‌ది. మిగతా రెండూ భారత్‌వి. ఆ రెంటిలోనూ ఉన్న మనిషి కోనేరు హంపి.

అసలు కథ ఆ జట్టు పోటీది. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడపిల్ల; మూడు బల్లలు. కృష్ణన్ శశికిరణ్, పెంటేల హరికృష్ణ, కోనేరు హంపి. శశికిరణ్ చెన్నై మనిషి, వయసు పాతిక. మిగతా ఇద్దరూ మనవాళ్ళే. గుంటూరు పిల్లవాడు హరికృష్ణకు ఇరవై, గుడివాడలో పుట్టిన హంపికి పంతొమ్మిది. హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్, 2004లో కొచ్చిన్‌లో ప్రపంచ జూనియర్ చాంపియన్. హంపి 2002లో పదిహేనేళ్ళు నిండిన కొద్ది వారాలకే గ్రాండ్‌మాస్టర్ అయి, అంతవరకూ జుడిట్ పోల్గార్ పేర ఉన్న ఆడపిల్లల రికార్డును దాటింది. కూతురికి ఆట నేర్పడం కోసం కోనేరు అశోక్ ఉద్యోగం వదిలేసిన సంగతి కృష్ణా జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. శశికిరణ్‌కు దోహా కొత్త కాదు. 2003లో ఆసియా వ్యక్తిగత చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగితే గెలిచినవాడు అతనే. ఆ పోటీ మళ్ళీ జరిగింది 2005లో, మన హైదరాబాదులో. దోహా నుంచి హైదరాబాదుకు విమానాలే కాదు, చదరంగం బల్లలు కూడా తిరిగాయన్నమాట.

జట్టు చదరంగం తెలియనివారికి రెండు ముక్కలు. ఒంటరి ఆటలో డ్రా చేసుకోవాలా, తెగించాలా అన్నది నీ ఇష్టం. జట్టులో ఆ ఇష్టం సగమే నీది. పక్క బల్ల మీద ఏం జరుగుతోందో ఓరకంట చూడాలి. అక్కడ నీ తోటివాడు మునిగిపోతుంటే నీకు చేతికందిన డ్రా చేదు. అతను గెలిచేస్తే అదే డ్రా చక్కెర. కెప్టెన్ వెనకాల తిరుగుతుంటాడు కానీ ఎత్తు చెప్పకూడదు. డ్రా అడుగు, డ్రా ఒప్పుకో, వద్దు — దాదాపు ఇంతవరకే అతని నోరు. పావుల పరిస్థితి మీద ఒక్క మాట జారినా తప్పే. అందుకే మంచి కెప్టెన్ల ముఖాలు పెళ్ళిచూపుల్లో కూర్చున్న పెద్దల ముఖాల్లా ఉంటాయి, ఏమీ తెలియనివ్వవు.

బల్లలు మూడే అయితే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. నాలుగు బల్లల చదరంగ ఒలింపియాడ్‌లో ఒకడు ఓడితే సర్దుకోవడానికి ముగ్గురున్నారు. మూడింటిలో ఒకటి పోతే మిగిలిన రెండూ గెలిచి తీరాలి. పైగా తెలుపూ నలుపూ బల్ల విడిచి బల్ల ఇచ్చే పద్ధతిలో ఒక జట్టుకు రెండు తెల్లలు, రెండో జట్టుకు ఒకటే వస్తాయి. నాలుగు బల్లల్లో ఈ తూకం తేడా ఉండదు. నా లెక్కలో ఇలాంటి జట్టు బలం దాని తొలి ఆటగాడిలో కాదు, అందరికంటే తక్కువ రేటింగు ఉన్న మనిషిలో ఉంటుంది. చాలా దేశాలకు ఆ మనిషి వాళ్ళ అమ్మాయి. రెండు బల్లల మీద గ్రాండ్‌మాస్టర్లను దింపి, మూడోదాన్ని దేవుడికి వదిలేసేవారు. మన జట్టులో ఆ మూడో మనిషి కూడా మగవాళ్ళతో సమానమైన గ్రాండ్‌మాస్టర్ పట్టా ఉన్నది. చైనా లాంటి దేశాన్ని పక్కకు నెట్టి ఆ బంగారం రావడానికి కారణం వెతికితే నాకు ముందు కనిపించేది ఆ బల్లే.

భారత్‌కు ఆ క్రీడల్లో వచ్చిన బంగారాలు మొత్తం పది. అందులో రెండు చదరంగానివి. మరొకటి టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో లియాండర్ పేస్‌తో కలిసి మన హైదరాబాదు సానియా మీర్జా గెలిచినది. పదిలో కనీసం మూడింట తెలుగు నేల పిల్లల చెయ్యి ఉంది. సానియా ఫోటో ఆ రోజుల్లో ప్రతి పత్రికలోనూ పడింది. హంపి, హరికృష్ణల ఫోటోల కోసం మాత్రం లోపలి పేజీలు తిప్పాలి.

ఇక ఆతిథ్యమిచ్చిన ఇంటివారి సంగతి. ఖతార్ చదరంగమంటే చాలా కాలం ఒక్క మనిషి పేరు: మొహమ్మద్ అల్ మొదియాహ్‌కీ. 1974లో పుట్టాడు, ఈ దేశపు మొదటి గ్రాండ్‌మాస్టర్. అరబ్ చాంపియన్‌షిప్ ఒకసారి కాదు, కొన్నిసార్లు గెలిచాడు. కానీ చిన్న దేశపు జట్టుకు మొదటి బల్ల మీద కూర్చోవడమంటే ఒంటి స్తంభం మీద మేడ మోయడమే. ఎదుటి జట్టులో అందరికంటే గట్టివాడు నీకే వస్తాడు. వాణ్ణి చచ్చీచెడీ ఓడించి తల తిప్పి చూస్తే, కింది మూడు బల్లలూ అప్పటికే మూసేసి ఉంటాయి. నీ గెలుపు స్కోరు కాగితం మీద 'ఒకటి–మూడు'లో ఒకటిగా మిగులుతుంది. ఏళ్ళ తరబడి ఈ లెక్క భరించినవాడికి జట్టు అంటే ఏమిటో మనకంటే బాగా తెలుస్తుంది.

ఆ ఇంటికి రెండో స్తంభం పెళ్ళితో వచ్చింది. చైనాలోని వెన్‌జౌలో పుట్టిన ఝూ చెన్ 2001లో మాస్కోలో అలెగ్జాండ్రా కోస్టెన్యుక్‌ను 5–3తో ఓడించి ప్రపంచ మహిళా చాంపియన్ అయింది. మరుసటి ఏడు దుబాయిలో, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే అప్పటి ప్రపంచ చాంపియన్ రుస్లాన్ పొనొమరియోవ్‌ను ర్యాపిడ్ ఆటలో ఓడించింది. చైనా ఆడవాళ్ళ జట్టుతో కలిసి ఒలింపియాడ్ బంగారాలు గెలిచిన మనిషి. అల్ మొదియాహ్‌కీని పెళ్ళాడి, 2006లో ఖతార్ పౌరసత్వం తీసుకుని, అప్పటినుంచి ఈ దేశం తరఫున ఆడింది. వందకోట్ల దేశపు జట్టు వదిలి, అంతా కలిపినా మన ఒక జిల్లా జనాభా లేని దేశపు జట్టులోకి రావడం! అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్ల అక్కడి వంటను తన చేతి వంట చేసినట్టుగా ఆమె ఇక్కడి ఆటను తన ఆట చేసింది. తర్వాత ఫిడేకి కోశాధికారి కూడా అయింది. ఖతార్‌ది వలసవాళ్ళ దేశమని మనల్ని చూసి అంటారు. వాళ్ళ చదరంగం బల్ల ముందు చూసినా ఆ మాట నిజమే.

ఆ దంపతులు, అప్పట్లో ఖతార్ చదరంగ సంఘం అధ్యక్షుడిగా ఉన్న ఖలీఫా అల్ హిత్మీ లాంటివారు కలిసి తర్వాతి ఏళ్ళలో చేసింది వేరే కథ. 2014లో ఖతార్ మాస్టర్స్ ఓపెన్ మొదలైంది. మొదటి ఏడు చైనా కుర్రాడు యు యాంగ్‌యీ గెలిచాడు, చివరి రౌండులో మాజీ ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్‌నే పడగొట్టి. 2015లో అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్. 2016 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు దోహాకే వచ్చాయి. 2023లో లుసైల్‌లో జరిగిన ఖతార్ మాస్టర్స్‌ను ఉజ్బెకిస్థాన్ ఆటగాడు యాకుబ్బోయెవ్ గెలిచాడు. అక్కడే భారత్ ఆటగాడు కార్తికేయన్ మురళి చేతిలో కార్ల్‌సన్ ఓడాడు. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి కూడా ఆ బల్లల దగ్గర కూర్చున్నాడు. ఇవన్నీ గొప్ప పోటీలే. కానీ ఒంటరి పోటీలు. ఎవరి బహుమతి వాళ్ళది, ఎవరి విమానం వాళ్ళది. వీటి గురించి ఇంతకంటే రాయాలని నాకు లేదు.

జట్టు సంగతికే వస్తాను. దోహా తర్వాత 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చదరంగం ఉంది. కానీ మిశ్రమ జట్టును తీసేసి ఆడా మగా జట్లను విడదీశారు. మనకు మగవాళ్ళ జట్టులో కంచు, ఆడవాళ్ళ వ్యక్తిగత పోటీలో గుంటూరు ద్రోణవల్లి హారికకు కంచు. తర్వాత రెండు ఆసియా క్రీడల్లో చదరంగమే లేదు. 2023లో హాంగ్‌జౌలో తిరిగొస్తే రెండు జట్లకూ వెండి. మగవాళ్ళలో హరికృష్ణ, అర్జున్. ఆడవాళ్ళలో హంపి, హారిక. నలుగురూ తెలుగువాళ్ళే. బంగారం మాత్రం ఇరాన్, చైనా పట్టుకుపోయాయి. మరుసటి ఏడు బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మాత్రం రెండు బంగారాలూ మనవే. మూడో బల్ల మీద అర్జున్ వ్యక్తిగత బంగారం కూడా తెచ్చాడు. ఆ జట్టులో అందరికంటే పెద్దవాడు దోహాలో ఇరవయ్యేళ్ళకు ఆడిన హరికృష్ణే. ఈసారి తన వయసులో సగమున్న పిల్లల పక్కన, ఎక్కువగా బెంచీ మీద, తయారీలో చెయ్యి కలుపుతూ. జట్టులో ఆ పని కూడా ఒక బల్లే.

దోహాలో ఒకసారి ఆడి వదిలేసిన ఆ పద్ధతి, ఆడా మగా ఒకే స్కోరు కాగితం మీద ఉండే పద్ధతి, మరో దారిలో తిరిగొచ్చింది. 2023 నుంచి ఫిడే ప్రపంచ ర్యాపిడ్ జట్టు పోటీ నడుపుతోంది. ఇది దేశాల పోటీ కాదు, క్లబ్బుల పోటీ లాంటిది. బల్లలు ఆరు. అందులో ఒక ఆడమనిషి ఉండి తీరాలి. సరదాకు ఆడే మామూలు ఆటగాడొకడు కూడా ఉండి తీరాలి. ప్రపంచ చాంపియన్ ఉన్న జట్టయినా సరే, ఆరో బల్ల మీద కూర్చున్న ఆ మామూలువాడి కోసం ప్రార్థించాల్సిందే. 2025లో లండన్‌లో దాన్ని గెలిచింది భారత్ నుంచి వచ్చిన ఎంజీడీ వన్ జట్టు. అందులో అర్జున్ ఉన్నాడు, గ్రీసు అమ్మాయి స్టావ్రూలా త్సొలకీదు ఉంది, హరికృష్ణా ఉన్నాడు.

2025 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ మళ్ళీ దోహాకు వచ్చాయి. అర్జున్‌కు రెంటిలోనూ కంచు. ఆడవాళ్ళ ర్యాపిడ్‌లో హంపి మొదటి స్థానానికి సమానంగా పాయింట్లు తెచ్చుకుని, టైబ్రేక్ లెక్కలో కంచు దగ్గర ఆగింది. పంతొమ్మిదేళ్ళప్పుడు ర్యాపిడ్ బంగారం గెలిచిన ఊళ్ళోనే, ముప్ఫై ఎనిమిదేళ్ళప్పుడు. మధ్యలో పెళ్ళి, పాప, ఆటకు విరామం, రెండు ప్రపంచ ర్యాపిడ్ కిరీటాలు — 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో.

ఆసియా క్రీడల చదరంగం పట్టిక తీసి చూస్తే మిశ్రమ జట్టు అన్న శీర్షిక కింద ఒకే వరుస ఉంటుంది. దోహా, 2006, మూడు పేర్లు. రెండో వరుస ఎవరూ రాయలేదు.